పాత కారు గుర్తింపు, స్వామ్య పరంపర: బెంట్లీ 'ఓల్డ్ నంబర్ వన్' వివాదం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

అరుదైన పాత స్పోర్ట్స్ కార్లకు నేటి విపణిలో లభిస్తున్న విలువకు ప్రధాన కారణం వాటి లోహం కాదు, వాటి చరిత్ర. అయితే పందెం కార్ల భాగాలు తరచుగా మారుతుంటాయి. భాగాలన్నీ మారిన తర్వాత ఆ కారు చరిత్ర ఎవరిది? ఆ పేరు మీద హక్కు దేనికి ఉంటుంది? 1929, 1930 సంవత్సరాలలో లె మాన్ 24 గంటల పందెం గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు 'ఓల్డ్ నంబర్ వన్' విషయంలో ఈ ప్రశ్న 1990లో లండన్ హైకోర్టు ముందుకు వచ్చింది. ఆ కారు చరిత్రను, న్యాయస్థాన నిర్ణయాన్ని వివరించి, బుగాట్టి అట్లాంటిక్ కార్ల ఉదంతాలతో పోల్చి, మిళిందపన్హాలోని రథ, దీప దృష్టాంతాల వెలుగులో ఆ తీర్పులోని తర్కాన్ని పరిశీలించడం ఈ వ్యాస ప్రధానోద్దేశం. వస్తువు గుర్తింపు, దానిపై యాజమాన్య హక్కు అనేవి రెండు వేర్వేరు విషయాలని, ఈ రెండింటికీ ఆధారం తెగని లిఖిత పరంపరేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఓల్డ్ నంబర్ వన్, బెంట్లీ, లె మాన్, ప్రామాణికత, స్వామ్య పరంపర, బుగాట్టి అట్లాంటిక్, మిళిందపన్హా, వింటేజ్ వాహనాలు.

1. ఉపోద్ఘాతం:

2022 మే 5న జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరంలో, మెర్సిడెస్-బెంజ్ మ్యూజియంలో జరిగిన వేలంలో 1955 నాటి 300 ఎస్ఎల్ఆర్ ఊలెన్‌హౌట్ కూపే 13.5 కోట్ల యూరోలకు అమ్ముడుపోయింది. ఈ నమూనాలో తయారైనవి రెండే కార్లు. రెండూ తయారైన నాటి నుండి ఆ వేలం వరకు తయారీ సంస్థ అధీనంలోనే ఉన్నాయి. కాబట్టి ఆ కారు ఏది, అది ఎవరిది అనే ప్రశ్నలకు అక్కడ తావు లేదు.

అన్ని కార్ల చరిత్ర ఇంత సూటిగా ఉండదు. రెండు ప్రపంచయుద్ధాల మధ్య కాలంలో తయారైన స్పోర్ట్స్ కార్లు మ్యూజియంలో ఉంచడానికి పుట్టినవి కావు. పందెంలో గెలవడానికి పుట్టినవి. ఒక పందానికీ మరో పందానికీ మధ్య ఇంజిన్ మార్చేవారు, ఇరుసు మార్చేవారు, ప్రమాదం జరిగితే ఛాసిస్ సైతం మార్చేవారు. అప్పట్లో అవి పాతబడిన యంత్రాలు మాత్రమే. అర్ధశతాబ్దం గడిచాక వాటికి చారిత్రక ప్రాధాన్యం, దానితో పాటు కోట్ల విలువ వచ్చి చేరాయి. దానితో అంతకు ముందు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ముందుకు వచ్చింది: ఎదురుగా ఉన్న ఈ కారు, ఆనాడు గెలిచిన ఆ కారేనా?

బ్రిటన్‌లో 1934లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ సంప్రదాయం ప్రకారం 1919 నుండి 1930 వరకు తయారైన కార్లను 'వింటేజ్' కార్లు అంటారు. ఓల్డ్ నంబర్ వన్ ఆ కాలపు చివరి అంచున పుట్టింది. 'ఆ కారేనా' అనే ప్రశ్నను న్యాయస్థానం సాక్ష్యాలతో విచారించి జవాబు చెప్పిన సందర్భంగా దీని కథకు ప్రత్యేక స్థానం ఉంది.

2. ఓల్డ్ నంబర్ వన్ - పుట్టుక, విజయాలు:

డబ్ల్యు. ఓ. బెంట్లీ 1919లో బెంట్లీ మోటార్స్ సంస్థను స్థాపించారు. సంస్థకు పేరు వచ్చింది గాని డబ్బు నిలవలేదు. 1926లో ఊల్ఫ్ బర్నాటో పెట్టుబడి పెట్టి సంస్థకు అధ్యక్షుడయ్యారు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రాల గనులలో సంపాదించిన కుటుంబ ఆస్తికి ఆయన వారసుడు. సంపన్నుడే కాక మంచి పందెగాడు కూడా. ఫ్రాన్సులోని లె మాన్‌లో ఏటా జరిగే 24 గంటల పందెంలో ఆయన మూడు సార్లు పాల్గొని (1928, 1929, 1930) మూడు సార్లూ గెలిచారు.

బెంట్లీ సంస్థ 6,597 ఘన సెంటీమీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో రూపొందించిన నమూనా స్పీడ్ సిక్స్. ఈ నమూనాలో సంస్థ పందేల కోసం ప్రత్యేకంగా సిద్ధం చేసిన కారు ఛాసిస్ సంఖ్య ఎల్‌బి 2332. రిజిస్ట్రేషన్ సంఖ్య ఎంటి 3464. 1929 జూన్‌లో బర్నాటో, సర్ హెన్రీ బర్కిన్ ఈ కారుతో లె మాన్ గెలిచారు. ఆ ఏడాది మొదటి నాలుగు స్థానాలూ బెంట్లీలకే దక్కాయి. 1930 జూన్‌లో బర్నాటో, గ్లెన్ కిడ్‌స్టన్ అదే కారుతో మళ్ళీ గెలిచారు. రుడోల్ఫ్ కారచోలా నడిపిన మెర్సిడెస్ కారు తొలి గంటలలో గట్టి పోటీ ఇచ్చి, చివరికి పందెం నుండి తప్పుకుంది. ఒకే కారు వరుసగా రెండేళ్ళు లె మాన్ గెలవడం అదే మొదటిసారి. 'ఓల్డ్ నంబర్ వన్' అనే పేరు ఈ విజయాలతో స్థిరపడింది.

ఆర్థిక మాంద్యం బెంట్లీ సంస్థను నిలవనీయలేదు. 1931లో సంస్థ దివాలా తీయగా, ఆ ఏడాది చివర రోల్స్ రాయిస్ దానిని కొనుగోలు చేసింది. పందెం విభాగం మూతపడినా ఓల్డ్ నంబర్ వన్ జీవితం ముగియలేదు. అది బర్నాటో ఆధ్వర్యంలో కొనసాగింది.

3. మార్పుల క్రమం:

లె మాన్ తర్వాత ఈ కారుకు రంగస్థలం ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో ఉన్న బ్రూక్‌లాండ్స్. 1907లో ప్రారంభమైన ఈ కాంక్రీటు పందెపు బాటకు మలుపుల వద్ద గోడలా లేచిన ఏటవాలు కట్టలు ఉండేవి. అక్కడి సుదీర్ఘ పందేలకు మరింత శక్తి కావలసి రావడంతో 1932 నాటికి కారులో 7,983 ఘన సెంటీమీటర్ల ఎనిమిది లీటర్ల ఇంజిన్‌ను అమర్చారు. పేరు పాతదే, గుండె మాత్రం కొత్తది.

1932 సెప్టెంబరులో జరిగిన 500 మైళ్ళ పందెంలో క్లైవ్ డన్‌ఫీ ఈ కారును నడుపుతుండగా అది ఏటవాలు కట్ట పైఅంచు దాటి కిందికి పడిపోయింది. డన్‌ఫీ మరణించారు. ఈ ప్రమాదంతో ఓల్డ్ నంబర్ వన్ పందెపు జీవితం ముగిసింది. తర్వాత బర్నాటో దానిని బాగు చేయించి, పైకప్పు ఉన్న కూపే బాడీతో రోడ్డు మీద తిరిగే కారుగా మార్పించారు. ఆ పైన దశాబ్దాల కాలంలో యజమానులు మారారు, మరమ్మతులు కొనసాగాయి.

ఈ మార్పులలో ఏదీ రహస్యంగా జరగలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. ఒక్కొక్క మార్పు ఆనాటి అవసరం వల్ల జరిగింది. 1932లో ఇంజిన్ మార్చిన మెకానిక్కు తాను ఒక చారిత్రక వస్తువు మీద చెయ్యి వేస్తున్నానన్న ఆలోచన ఉండే అవకాశం లేదు. పనిలో ఉన్న యంత్రానికి పని సాగించడమే ధర్మం. 'ఆదిరూపం' అనే భావన తర్వాతి తరాలు వెనక్కి తిరిగి చూసి చేర్చినది.

4. 1990 వివాదం - వాదాలు, తీర్పు:

1990 ఏప్రిల్‌లో ఈ కారును కోటి పౌండ్ల విలువకు కొనడానికి మిడిల్‌బ్రిడ్జ్ సిమిటార్ అనే సంస్థ ఒప్పందం చేసుకుంది. ఆ తర్వాత కారు భాగాల చరిత్రపై సందేహాలు తలెత్తాయి. ఇది లె మాన్ గెలిచిన అసలు కారు కాదని, అందువల్ల ఒప్పందానికి కట్టుబడవలసిన అవసరం లేదని కొనుగోలుదారు వాదించారు. విక్రేత న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 'హబ్బర్డ్ వర్సెస్ మిడిల్‌బ్రిడ్జ్ సిమిటార్ లిమిటెడ్'గా ప్రసిద్ధమైన ఈ వ్యాజ్యంలో జస్టిస్ ఆటన్ 1990 జూలై 27న తీర్పు చెప్పారు.

న్యాయమూర్తి ముందుగా చేసిన పని కారును కాలాలవారీగా విడదీయడం. 1929లో గెలిచిన కారు నుండి, కాలం నిర్ణయించడానికి వీలులేని చిన్నచిన్న బిగింపులు తప్ప ఏమీ మిగలలేదని ఆయన నిర్ధారించారు. 1930 నాటి కారు నుండి మిగిలినవి పెడల్ షాఫ్టు, గేర్‌బాక్స్ తొడుగు, స్టీరింగ్ కాలమ్ మాత్రమే. 1932లో ప్రమాదానికి గురైన ఎనిమిది లీటర్ల కారు నుండి మాత్రం ఛాసిస్ ఫ్రేము, సస్పెన్షన్, ముందు ఇరుసు, ఇంజిన్ వంటి ప్రధాన భాగాలు నిలిచి ఉన్నాయి. లోహం పరంగా చూస్తే కొనుగోలుదారు వాదన చాలావరకు నిజమే.

అయినా తీర్పు విక్రేతకు అనుకూలంగా వచ్చింది. అందుకు ఆధారం న్యాయమూర్తి పదాలను విడదీసి చూసిన తీరు. ఆయన పరిశీలనను మూడు మెట్లుగా అర్థం చేసుకోవచ్చు.

అ) ఆదిరూపం: ఫ్యాక్టరీ నుండి వెలువడిన నాటి భాగాలతోనే ఉన్న కారుకు ఈ మాట వర్తిస్తుంది. ఓల్డ్ నంబర్ వన్ ఈ అర్థంలో ఆదిరూపం కాదు.

ఆ) పునర్నిర్మాణం: పూర్తిగా నశించిన దానిని తర్వాతి కాలంలో మళ్ళీ కట్టితే అది పునర్నిర్మాణం. ఓల్డ్ నంబర్ వన్ ఎన్నడూ పూర్తిగా నశించలేదు. కనుక ఈ మాటా వర్తించదు.

ఇ) ప్రామాణికత: ప్రతి దశలోనూ కొత్త భాగాలు ఉన్న కారులో కలిసిపోయాయి. ఏ ఒక్క దశలోనూ కారు తన గుర్తింపును కోల్పోలేదు. పందెపు కారుగా మొదలై, ఎడతెగని పరిణామంతో నేటి రూపానికి చేరింది. ఆ పేరుకు, ఆ కీర్తికి వారసత్వం చెప్పుకోగల కారు ప్రపంచంలో మరొకటి లేదు. అందువల్ల ఇదే ప్రామాణికమైన ఓల్డ్ నంబర్ వన్.

ఒప్పందంలో అమ్మకానికి పెట్టినది లోహాన్ని మాత్రమే కాదని, దానితో పాటు చరిత్రను, కీర్తిని కూడా అని న్యాయమూర్తి భావించారు. కొనుగోలుదారు ఒప్పందాన్ని నెరవేర్చవలసి వచ్చింది.

5. రథం, ఓడ, దీపం:

ఈ తీర్పును వ్యాఖ్యానించే పాశ్చాత్య విమర్శకులు సాధారణంగా ప్లూటార్క్ చెప్పిన థీసియస్ ఓడను ఉదాహరిస్తారు. ఏథెన్స్ ప్రజలు వీరుడి ఓడను భద్రపరచడానికి కుళ్ళిన చెక్కలను ఒక్కొక్కటిగా మార్చుతూ పోయారు; చివరికి అది అదే ఓడా అన్నది తత్త్వవేత్తల చర్చ. పదిహేడవ శతాబ్దంలో థామస్ హాబ్స్ దీనికి మరో ముడి వేశాడు. తీసివేసిన పాత చెక్కలన్నీ ఒకడు దాచి, అదే వరుసలో పేర్చి రెండో ఓడ కడితే థీసియస్ ఓడ ఏది? పాత కార్ల లోకంలో ఇది ఊహ మాత్రమే కాదు. ఒకే కారు నుండి విడిపోయిన ఫ్రేము ఒకచోట, ఇంజిన్ మరొకచోట చేరి, వాటి చుట్టూ రెండు కార్లు లేచి, రెండూ ఒకే ఛాసిస్ సంఖ్యను కోరే వివాదాలు ఈ రంగంలో పరిచితమైనవే. ఓల్డ్ నంబర్ వన్ విషయంలో పోటీకి వచ్చే రెండో కారు లేకపోవడం తీర్పుకు బలమైన ఆధారమైంది.

భారతీయ సంప్రదాయంలో ఇదే ప్రశ్నను నేరుగా వాహనం మీదనే అడిగిన గ్రంథం ఉంది. పాళీ భాషలోని మిళిందపన్హాలో రథమెక్కి వచ్చిన మిళిందరాజును నాగసేన భిక్షువు ప్రశ్నిస్తాడు: నొగ రథమా, ఇరుసు రథమా, చక్రాలు రథమా? రాజు ఒక్కొక్క దానికీ కాదంటాడు. అన్నీ కలిపిన కుప్ప రథమా అంటే దానికీ కాదంటాడు. చివరికి, ఈ అవయవాలను ఆశ్రయించి వాడుకలో ఏర్పడిన పేరు మాత్రమే 'రథం' అని రాజే ఒప్పుకుంటాడు.

రథ దృష్టాంతం ఒక క్షణంలో వస్తువు అంటే ఏమిటో చెబుతుంది. కాలంలో వస్తువు ఎలా కొనసాగుతుందన్న దానికి అదే గ్రంథంలోని దీప దృష్టాంతం మరింత దగ్గరగా ఉంటుంది. రాత్రి మొదటి జామున వెలిగే జ్వాల, మూడో జామున వెలిగే జ్వాల ఒకటేనా? ఒకటి కాదు, అలాగని వేరూ కాదు. ఒకే దీపాన్ని ఆశ్రయించి రాత్రంతా వెలుగు సాగింది. 1929 నాటి కారు, 1990 నాటి కారు ఒకే లోహం కాదు. అలాగని రెండు వేర్వేరు కార్లూ కావు. 'ఆదిరూపం కాదు, పునర్నిర్మాణమూ కాదు' అన్న జస్టిస్ ఆటన్ నిర్ణయానికి, ఈ 'అదే కాదు, వేరూ కాదు' అన్న జవాబుకు నిర్మాణంలో సామ్యం స్పష్టంగా కనిపిస్తుంది. రెండింటిలోనూ గుర్తింపు వస్తువులో కాక, ధారలో ఉంది.

అయితే తేడా కూడా ఉంది. నాగసేనుడికి పేరు వ్యవహారం కోసం ఏర్పడిన ఒప్పుదల మాత్రమే. దాని వెనుక శాశ్వతమైన వస్తువు ఏదీ లేదని చెప్పడం అతని ఉద్దేశం. న్యాయస్థానానికి ఆ పేరే ఆస్తి. దానికి కోటి పౌండ్ల ధర ఉంది. వ్యవహారానికి మాత్రమే చెందినదని తత్త్వశాస్త్రం పక్కన పెట్టిన దానినే న్యాయశాస్త్రం తూచవలసి వస్తుంది.

6. పోల్చదగిన ఉదంతాలు - బుగాట్టి అట్లాంటిక్:

తెగని ధార అనే ప్రమాణం ఎంతవరకు నిలుస్తుందో చూడడానికి బుగాట్టి టైప్ 57 ఎస్‌సి అట్లాంటిక్ కార్లు ఉపకరిస్తాయి. జాన్ బుగాట్టి రూపకల్పన చేసిన ఈ నమూనాకు 1935 నాటి ఏరోలిత్ అనే ప్రదర్శన కారు మాతృక. ఏరోలిత్ బాడీని మెగ్నీషియం కలిసిన ఎలక్ట్రాన్ అనే మిశ్రమ లోహంతో చేశారు. వెల్డింగుకు ఆ లోహం అనుకూలం కానందున రేకులను అంచుల వద్ద రివెట్లతో కలిపారు. తర్వాతి కార్లను అల్యూమినియంతో చేసినా ముందు నుండి వెనుకకు సాగే ఆ రివెట్ల అంచును అలంకారంగా నిలుపుకొన్నారు. అవసరం నుండి పుట్టిన గుర్తు శైలీచిహ్నంగా మారడానికి ఇది మంచి ఉదాహరణ. 1936 డిసెంబరులో అట్లాంటిక్ సముద్రంపై అదృశ్యమైన ఫ్రెంచి వైమానికుడు జాన్ మెర్మోజ్ స్మారకంగా ఈ నమూనాకు ఆ పేరు వచ్చింది.

మొత్తం తయారైనవి నాలుగే. వాటిలో మూడు కొనుగోలుదారులకు చేరాయి. ఒకటి జాన్ బుగాట్టి వద్దే ఉంది. ఈ నాలుగింటి చరిత్రలు మూడు రకాల పరిస్థితులను చూపుతాయి.

మొదటి రకం, పరంపర తెగనివి. 57374 సంఖ్య గల కారు 1936లో బ్రిటిష్ బ్యాంకరు కుటుంబానికి చెందిన విక్టర్ రోత్‌షీల్డ్‌కు చేరింది. 1938లో తయారైన 57591 సంఖ్య గల కారు ఇప్పుడు ఫ్యాషన్ రూపకర్త రాల్ఫ్ లారెన్ సేకరణలో ఉంది. వీటికి పునరుద్ధరణలు జరిగినా ఏది ఏ కారన్న సందేహం లేదు.

రెండో రకం, ధ్వంసమై తిరిగి లేచినది. 57473 సంఖ్య గల కారు 1955లో ఫ్రాన్సులో రైల్వే గేటు వద్ద రైలు ఢీకొని నుజ్జయింది. అందులో ఉన్నవారు మరణించారు. మిగిలిన భాగాలను ఒక సేకర్త కొని, తర్వాతి కాలంలో కారును మళ్ళీ నిలబెట్టించాడు. ఓల్డ్ నంబర్ వన్ తీర్పు ప్రమాణం ఇక్కడ కఠిన పరీక్షకు గురవుతుంది. శిథిలాలు నిలిచి ఉన్నాయి కాబట్టి ధార తెగలేదనాలా, కారు కారుగా లేని ఏళ్ళను తెగిన ధారగా లెక్కించాలా? నిజాయితీ గల వర్ణన ఈ రెండు వాస్తవాలనూ చెప్పాలి. ఒకదానితో రెండోదాన్ని కప్పకూడదు.

మూడో రకం, పేరు మిగిలి వస్తువు పోయినది. జాన్ బుగాట్టి వద్ద ఉన్న 57453 సంఖ్య గల కారు రెండో ప్రపంచయుద్ధపు తొలి రోజుల తర్వాత కనిపించలేదు. జాన్ బుగాట్టి 1939 ఆగస్టులోనే ప్రమాదంలో మరణించారు. 'లా వ్వాత్యూర్ న్వార్', అంటే 'నల్ల కారు', అనే పేరుతో అది అన్వేషకుల ఊహలలో జీవిస్తూనే ఉంది. 2019లో బుగాట్టి సంస్థ అదే పేరుతో ఒక కొత్త కారును జెనీవాలో ప్రదర్శించింది. అది నివాళి మాత్రమే. ఎంత గొప్పగా చేసినా పాత కారుకు వారసత్వం దానికి రాదు. ఓల్డ్ నంబర్ వన్‌లో లోహం మారినా ధార మిగిలింది; ఇక్కడ పేరు తిరిగి వచ్చినా ధార లేదు. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చూస్తే తీర్పులోని తర్కం మరింత తేటపడుతుంది.

7. గుర్తింపు వేరు, హక్కు వేరు:

'ఇది ఏ కారు?' అన్నది ఒక ప్రశ్న; 'ఇది ఎవరి కారు?' అన్నది మరొకటి. పాత కార్ల చర్చలలో ఈ రెండూ తరచుగా కలిసిపోతాయి. ఓల్డ్ నంబర్ వన్ వివాదంలో విక్రేత యాజమాన్యంపై వాదం లేదు. కారు గుర్తింపు మీదనే వాదం. దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉండవచ్చు. 1954 నాటి ఫెరారీ 375 ప్లస్ కారు 0384 ఎఎం విషయంలో అది ఏ కారో అందరికీ తెలుసు. 1980ల చివర అమెరికాలోని ఒహాయోలో యజమాని ప్రాంగణం నుండి అది అపహరణకు గురై ఐరోపాకు చేరడంతో, దానిపై హక్కు ఎవరిదన్న పోరాటం ఏళ్ళ తరబడి సాగింది. 2014లో ఇంగ్లండులో కోటి పౌండ్లకు పైబడిన ధరకు వేలంలో అమ్ముడుపోయిన తర్వాత కూడా వ్యాజ్యాలు ఆగలేదు.

ప్రభుత్వ పత్రాలు ఈ రెండు ప్రశ్నలలో దేనికీ సంపూర్ణ సమాధానం ఇవ్వవు. బ్రిటన్‌లో వాహన రిజిస్ట్రేషన్ పత్రం నమోదు చేసేది వాహనాన్ని నిర్వహించే వ్యక్తి పేరును. అది యాజమాన్యానికి రుజువు కాదని ఆ పత్రమే చెబుతుంది. అందువల్ల పరిశోధకులు ఫ్యాక్టరీ నిర్మాణ నమోదులు, అమ్మకపు రసీదులు, పందెపు పత్రాలు, పాత ఛాయాచిత్రాలు, మరమ్మతు బిల్లులు, భాగాలపై ముద్రించిన సంఖ్యలు మొదలైన వాటిని పక్కపక్కన పెట్టి సరిచూస్తారు.

ఈ పద్ధతి తెలుగు పరిశోధకులకు కొత్తది కాదు. తాళపత్ర ప్రతులను సేకరించి, పాఠాంతరాలను పోల్చి, ప్రక్షిప్తాలను గుర్తించే గ్రంథ పరిష్కర్త పని ఇటువంటిదే. ఆకులు శిథిలమైతే కొత్త ఆకులపై తిరగరాసుకున్న గ్రంథం అదే గ్రంథంగా నిలుస్తుంది. అయితే ఏ పాఠం ఏ ప్రతిలోనిదో, ఎక్కడ లేఖకుడు చెయ్యి చేసుకున్నాడో పరిష్కర్త పీఠికలో చెప్పాలి. చెప్పని దిద్దుబాటు గ్రంథానికి చేసే అన్యాయం. కారు విషయంలోనూ మార్పు దోషం కాదు. దాచిన మార్పు దోషం.

8. నిబంధనల వెలుగులో:

చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా రూపొందించిన టూరిన్ చార్టర్ ఈ దృష్టినే సూత్రీకరించింది. పురాతన కట్టడాల పరిరక్షణకు సంబంధించిన 1964 నాటి వెనిస్ చార్టర్ స్ఫూర్తితో రూపొందిన ఈ పత్రం, వాహనం తన జీవితకాలంలో పొందిన మార్పులను కూడా చరిత్రలో భాగంగానే చూస్తుంది. ఏ పనికైనా ముందు, తర్వాత నమోదు ఉండాలని, తప్పనిసరైనంత మేరకే జోక్యం ఉండాలని సూచిస్తుంది.

భారతదేశంలో 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వశాఖ వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషన్ నుండి 50 ఏళ్ళు దాటి, మౌలిక రూపంలో నిలిపి ఉంచిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు దీని పరిధిలోకి వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ విషయంలో గణనీయమైన మార్పులు జరిగి ఉండకూడదు. అటువంటి వాహనాలకు రాష్ట్ర సంకేతం తర్వాత 'విఎ' అక్షరాలతో ప్రత్యేక సంఖ్య లభిస్తుంది. ఈ నిబంధన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది.

ఈ నిర్వచనాన్ని అక్షరాలా అన్వయిస్తే ఓల్డ్ నంబర్ వన్ వింటేజ్ వాహనం అనిపించుకోవడం కష్టం. దాని ఇంజిన్, బాడీ రెండూ మారాయి. అదే సమయంలో యాభై ఏళ్ళుగా షెడ్డులో కదలక పడి ఉన్న, ఏ చరిత్రా లేని కారు ఈ పరీక్షలో సులభంగా నెగ్గుతుంది. నిబంధన తప్పని దీని అర్థం కాదు. లక్షలాది వాహనాలను తనిఖీ చేసే అధికారికి కంటికి కనిపించే కొలమానం కావాలి. లోహం కంటికి కనిపిస్తుంది, ధార కనిపించదు. అయితే ఈ రెండు కొలమానాలూ కొలిచేవి రెండు వేర్వేరు గుణాలన్న ఎరుక అవసరం. ఒకటి వస్తువు ఎంత మారకుండా ఉందో చెబుతుంది. రెండోది వస్తువు ఎంత నిరాటంకంగా కొనసాగిందో చెబుతుంది.

9. ముగింపు:

ఓల్డ్ నంబర్ వన్ చరిత్ర, దానిపై వచ్చిన తీర్పు, బుగాట్టి అట్లాంటిక్ కార్ల ఉదంతాల పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

1. పని కోసం పుట్టిన యంత్రానికి మార్పు సహజం. భాగాలు మారినంత మాత్రాన గుర్తింపు నశించదు. కొనసాగింపు తెగినప్పుడే గుర్తింపు సందిగ్ధంలో పడుతుంది.

2. ఆదిరూపం, ప్రామాణికత, పునర్నిర్మాణం అనే మాటలు పర్యాయపదాలు కావు. 1990 వివాదం పుట్టింది వీటిని ఒకే అర్థంలో వాడడం వల్లనే. అది పరిష్కారమైంది వీటిని విడదీయడం వల్లనే.

3. వస్తువు గుర్తింపు, యాజమాన్య హక్కు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి వచ్చిన జవాబు రెండోదానికి జవాబు కాదు. రెండింటికీ ఆధారం మాత్రం లిఖిత పరంపరే.

4. మిళిందపన్హాలోని దీప దృష్టాంతం ఈ తీర్పులోని తర్కాన్ని వివరించడానికి థీసియస్ ఓడ కంటే అనువైనది. 'అదేనా, వేరా' అన్న రెండే దారుల చిక్కు నుండి అది చర్చను బయటికి తెస్తుంది.

ఇటువంటి కారును కొన్న వ్యక్తి చట్టరీత్యా యజమాని. చరిత్ర దృష్టిలో మాత్రం అతను పరంపరలో ఒక లంకె. తనకు ముందున్నవారు రాసి ఉంచిన దానిని అందుకుని, తాను చేయించిన ప్రతి మార్పునూ రాసి ఉంచి, తర్వాతివారికి అప్పగించడం అతని బాధ్యత. ఆ రాత లేని రోజున, ఎంత పాత లోహమైనా పాత లోహంగానే మిగులుతుంది.